ఐటర్ కాయిల్ అమరికలో మిల్లీమీటర్లు ఎక్కడ పోతాయి, ఎలా పట్టుకోవాలి

ఐటర్ ఫ్రాన్స్‌లో కడుతున్న కేంద్రక సంలీన (ఫ్యూజన్) ప్రయోగ యంత్రం. ప్లాస్మాను, అంటే అతి వేడి విద్యుదావేశిత వాయువును, అయస్కాంత క్షేత్రంతో పట్టి ఉంచే అందులోని ఒక్కో టొరాయిడల్ ఫీల్డ్ కాయిల్ ఎత్తు 17 మీటర్లు, వెడల్పు 9 మీటర్లు, బరువు 300 టన్నుల పైమాటే. అలాంటివి 18 గుండ్రంగా నిలబెట్టాలి. అంత పెద్ద వస్తువులో ఒకటి రెండు మిల్లీమీటర్లు లెక్కలోకి రావనిపిస్తుంది. ప్లాస్మా మాత్రం ఊరుకోదు. ప్రధాన అయస్కాంత క్షేత్రంలో పదివేలో వంతు స్థాయి దోషం ఉన్నా, ప్లాస్మాతోపాటు తిరగాల్సిన అలజడి ఒకచోట నిలిచిపోతుంది. దీన్నే లాక్డ్ మోడ్ అంటారు. దాని వెనకే చాలాసార్లు డిస్రప్షన్, అంటే ప్లాస్మా ఒక్కసారిగా కూలిపోవడం, వస్తుంది.

ముందుగా ఏం కొలుస్తున్నామో తేల్చుకోవాలి. చేతికి అందేది స్టీలు పెట్టె. క్షేత్రాన్ని పుట్టించేది లోపల 134 చుట్లలో పారే 68 కిలోఆంపియర్ల కరెంటు. కాబట్టి ఆ చుట్ల కట్ట (వైండింగ్ ప్యాక్) పెట్టె బయట ఉండగానే దాని కరెంట్ కేంద్ర రేఖను కొలవండి. పెట్టెలో దించాక, ఖాళీల్లో రెజిన్ నింపకముందే ప్యాక్‌ను సర్ది, ఆ రేఖను పెట్టెపై ఉన్న లేజర్ ట్రాకర్ గుర్తులకు ముడిపెట్టండి. మూత వెల్డింగ్ పెట్టెను లాగుతుంది, అందుకని ఆ తర్వాత మళ్లీ కొలవాలి. పక్క కాయిల్‌ను తాకే ముఖాల చివరి మెషినింగ్‌కు ఆధారం కరెంట్ రేఖే, పెట్టె అంచు కాదు. ఇక్కడ పొరపాటు జరిగితే తర్వాత ఎంత జాగ్రత్తగా అమర్చినా తప్పు చోటే అమర్చినట్టు.

తర్వాత 18 కాయిల్స్ తేడాలను కలిపి చూడండి. మొదటి కాయిల్‌ను 0 డిగ్రీలుగా పెట్టుకుని 20 చొప్పున పెంచుతూ పోండి. ఒక్కో రేడియల్ (లోపలికి-బయటికి) తేడాను ఆ కోణపు కొసైన్‌తో గుణించి, అన్నీ కూడి, 9తో భాగించండి. సైన్‌తోనూ ఇలాగే చేయండి. ఆ రెండింటి వర్గాల మొత్తానికి వర్గమూలమే దోషం పరిమాణం. ఒకే ఒక్క కాయిల్ 3 మి.మీ. జరిగితే వచ్చేది 0.33 మి.మీ. అదే ఒకవైపు తొమ్మిది 1 మి.మీ. బయటికి, ఎదురుగా తొమ్మిది 1 మి.మీ. లోపలికి ఉంటే దాదాపు 1.3 మి.మీ. వస్తుంది. కాయిల్ వారీ పట్టికలో రెండోదే మేలుగా కనిపిస్తుంది, క్షేత్రానికి చేటు చేసేది కూడా అదే. ఏ కాయిల్ ఏ స్థానంలోకి వెళ్లాలో నిర్ణయించే ముందే ఈ లెక్క వేస్తే, వరస మార్చి చాలా దోషాన్ని ఖర్చు లేకుండా తీసేయొచ్చు. టాంజెన్షియల్ (వలయం వెంబడి పక్కకు) తేడాలూ కలిసి మొత్తం వలయం ఒక పక్కకు జరిగిందని తేలితే, యంత్రంలోని మిగతా రకాల కాయిల్స్‌ను డ్రాయింగ్ అక్షానికి కాకుండా ఆ నిజమైన అక్షానికి అమర్చండి.

కొలతలో పెద్ద శత్రువు ఉష్ణోగ్రత. 17 మీటర్ల స్టీలు ఒక్క డిగ్రీకే దాదాపు 0.28 మి.మీ. పెరుగుతుంది. ట్రాకర్ దోషం కన్నా ఇదే ఎక్కువ కావచ్చు. కాయిల్ పైనా కిందా సెన్సర్లు పెట్టి, ప్రతి కొలతనూ 20 డిగ్రీలకు మార్చి రాయండి.

లోపలి కాళ్లు ఆర్చి రాళ్లలా ఒకదాన్నొకటి ఆనుకుంటాయి. ప్రతి అతుకులో 0.2 మి.మీ. ఎక్కువైతే చుట్టుకొలతలో 3.6 మి.మీ. చేరుతుంది, వలయం 0.57 మి.మీ. బయటికి పోతుంది. సందులు ఎగుడుదిగుడుగా ఉంటే మరో చిక్కు. కరెంటు పారినప్పుడు ఒక్కో కాయిల్‌ను దాదాపు 400 మెగాన్యూటన్ల బలం మధ్యకు నెడుతుంది, ఆ భారమంతా ముందుగా తగిలిన చోట్ల మీద పడుతుంది. అందుకే కాయిల్స్ మధ్య షిమ్‌లను (సందు నింపే పలకలను) డ్రాయింగ్ చూసి ముందే తయారుచేయకూడదు. కాయిల్స్ చోటుకు చేరాక సందును కొలిచి, దానికి తగ్గట్టు మెషిన్ చేయించాలి.

చల్లబరిస్తే కథ మారుతుంది. గది ఉష్ణోగ్రత నుంచి 4 కెల్విన్‌కు స్టీలు మీటరుకు సుమారు 3 మి.మీ. కుంచించుకుంటుంది, అంటే కాయిల్ ఎత్తులో 50 మి.మీ. పోతుంది. కాయిల్స్‌కు వేడి తగలకుండా అడ్డుండే థర్మల్ షీల్డ్ 80 కెల్విన్ దగ్గరే ఉంటుంది. రెండింటి మధ్య ఖాళీని గది ఉష్ణోగ్రతలో ఒకసారి, చల్లటి స్థితిలో ఒకసారి, బలాల కింద ఒకసారి విడివిడిగా లెక్కించండి.

కాయిల్‌కు కరెంటు అందే టెర్మినల్ దగ్గర 2 మి.మీ. కలవకపోతే దాన్ని లాగి కలపకండి. 650 డిగ్రీల దగ్గర కాల్చిన కాయిల్ సూపర్ కండక్టర్, నియోబియం-టిన్, పెళుసు, వంచితే తంతువులు పగులుతాయి. కరెంటు తెచ్చే బస్‌బార్‌నో మధ్య ముక్కనో సరిచేయండి. జాయింట్ ముఖాలు సరిగా ఆనకపోతే నిరోధం పెరుగుతుంది. 68 కిలోఆంపియర్ల దగ్గర ఒక్క నానోఓమ్‌కు 4.6 వాట్లు, ఆ వేడినంతా కాయిల్‌ను చల్లబరిచే హీలియమే మోయాలి.

మిగిలిన క్షేత్ర దోషాన్ని సరిదిద్దడానికి ఐటర్‌లో 18 కరెక్షన్ కాయిల్స్ ఉన్నాయి, గరిష్ఠంగా 10 కిలోఆంపియర్లు. వాటి సామర్థ్యాన్ని అమరిక తప్పులకే ఖర్చుపెట్టేయకండి. తేడా బయటపడితే వెనక్కి తీయడమే దారి. 2022లో ప్లాస్మా ఉండే పాత్ర (వ్యాక్యూమ్ వెసెల్) సెక్టార్ల వెల్డింగ్ అంచుల్లో కొలతల తేడాలు, థర్మల్ షీల్డ్ పైపుల్లో పగుళ్లు కనిపించాయి. యంత్రం నిలిచే గుంతలో (పిట్) దించేసిన మాడ్యూల్‌ను 2023లో మళ్లీ పైకి లేపారు.

చివరి పరీక్ష క్షేత్రంతోనే. జర్మనీలోని వెండెల్‌స్టైన్ 7-ఎక్స్ అనే మరో రకం ఫ్యూజన్ యంత్రంలో (స్టెల్లరేటర్) ప్లాస్మా కన్నా ముందే ఎలక్ట్రాన్ పుంజంతో క్షేత్రరేఖల్ని గీసి, దోషం లక్షలో ఒక వంతు కన్నా తక్కువని చూపారు. ఐటర్ లాంటి టోకమాక్‌లో ఆ సౌకర్యం లేదు. అక్కడ కరెక్షన్ కాయిల్స్ కరెంటును నాలుగు దిశల్లో వేర్వేరుగా పెంచుతూ, ఏ విలువ దగ్గర మోడ్ లాక్ అవుతుందో గుర్తించండి. ఆ నాలుగు బిందువుల గుండా వృత్తం గీస్తే, దాని కేంద్రమే ఆ యంత్రంలో దోషాన్ని సరిదిద్దే కరెంటు.