ప్లస్ టూలో ఫిజికల్ ఎడ్యుకేషన్: ఎలా చదవాలి

సీబీఎస్‌ఈ స్కూల్లో పీఈటీగా ఏటా వినే మాట: "సార్, ఇది ఈజీ సబ్జెక్టేగా!" గ్రౌండ్‌లో ఆడితే మార్కులొస్తాయనుకుంటారు. థియరీకి 70, ప్రాక్టికల్‌కి 30. బాగా ఆడేవాళ్లే థియరీ దగ్గర తడబడతారు.

ముందు ఫిక్స్చర్ పట్టండి, అంటే ఏ జట్టు ఎవరితో ఆడాలో చూపే పట్టిక. నాకౌట్‌లో (ఓడిన జట్టు ఇంటికే) 11 జట్లుంటే మ్యాచ్‌లు 10, అంటే జట్ల కంటే ఒకటి తక్కువ. 2, 4, 8, 16 ఇలా సాగే 2 ఘాతాల్లో 11 తర్వాత వచ్చేది 16. అందులోంచి 11 తీసేస్తే 5 బైలు. బై అంటే మొదటి రౌండ్ ఆడకుండానే తర్వాతి రౌండ్‌కు వెళ్లడం. పై సగంలో 6 జట్లు, 2 బైలు; కింది సగంలో 5 జట్లు, 3 బైలు. మొదటి బై కింది సగం చివరి జట్టుకు, రెండోది పై సగం మొదటి జట్టుకు, మూడోది కింది సగం మొదటి జట్టుకు, నాలుగోది పై సగం చివరి జట్టుకు. ఊరికే చదివితే ఇది ఎక్కదు, స్కేలు పెట్టి గీయాల్సిందే. అదే జట్లతో లీగ్ (ప్రతి జట్టూ మిగతా అన్నిటితో ఒక్కోసారి ఆడేది) అయితే 55 మ్యాచ్‌లు!

బయోమెకానిక్స్‌లో (శరీర కదలికల వెనకున్న ఫిజిక్స్) న్యూటన్ సూత్రాలకు మీరు ఆడే ఆటలోంచే ఉదాహరణ రాయండి. సైకాలజీ రెండుసార్లు చదివితే చాలు.

ప్రాక్టికల్ రికార్డు మాత్రం జనవరికి వాయిదా వేయకండి. వాలీబాల్ ఎంచుకుంటే కోర్టు పొడవు 18 మీటర్లు, వెడల్పు 9 మీటర్లు. నెట్ ఎత్తు పురుషులకు 2.43, మహిళలకు 2.24 మీటర్లు అని బొమ్మలోనే గుర్తించండి. వైవాలో (నోటి పరీక్షలో) వేలు పెట్టి అడిగేది ఆ బొమ్మ మీదే. ఆసనాల్లో లాభాలతో పాటు ఎవరు వేయకూడదో కూడా రాయాలి. చాలామంది వదిలేసేది అదే.