అమెరికా టార్ట్ చట్టం, 4వ పాఠం: బాధ్యుల పేర్లు రాయడం

టార్ట్ అంటే ఒకరి తప్పువల్ల ఇంకొకరికి నష్టం జరిగితే పరిహారం అడిగే సివిల్ కేసు. అందులో నిర్లక్ష్యం కేసుకు ఏమేం కావాలో పోయిన పాఠంలో చూశాం. జాగ్రత్త పడాల్సిన బాధ్యత ఉండాలి, దాన్ని తప్పి ఉండాలి, దానివల్లే దెబ్బ తగలాలి, నష్టం జరగాలి. ఈసారి ఒక నోట్‌బుక్ తీసుకోండి. ప్రమాదం గురించి చదివి, పరిహారం ఎవరెవరిని అడగవచ్చో పేర్లు రాయడం నేర్చుకుందాం.

డాలస్‌లో పిజ్జా డెలివరీ కుర్రాడు సొంత కారులో వెళ్తూ, రెడ్ లైట్ దాటేసి, రోడ్డు దాటుతున్న పెద్దాయన్ని గుద్దాడనుకుందాం. మొదటి పేరు ఎలాగూ ఆ కుర్రాడిదే. చాలామంది అక్కడే ఆగిపోతారు. టెక్సస్‌లో మామూలు కారుకు చట్టం అడిగే కనీస ఇన్సూరెన్స్ ఒక మనిషి గాయాలకు 30,000 డాలర్లే. కాలు విరిగి సర్జరీ దాకా వెళ్తే అది ఏ మూలకూ రాదు. బిల్లులు చూసి టెన్షన్ పడుతున్న కుటుంబానికి రెండో పేరు ఎంత అవసరమో ఆలోచించండి.

ఆ రెండో పేరు పిజ్జా షాపు యజమానిది. ఉద్యోగి పని మీద ఉండగా చేసిన తప్పుకు, తన తప్పేమీ లేకపోయినా యజమాని బాధ్యుడే. దారిలో కాఫీకి ఆగడం లాంటి చిన్న పక్కదారి ఉన్నా ఆ బాధ్యత సాధారణంగా పోదు. డెలివరీ వదిలేసి ఊరి అవతల స్నేహితుడి ఇంటికి వెళ్తుంటే మాత్రం పోవచ్చు. "అతను ఉద్యోగి కాదు, కాంట్రాక్టర్" అని షాపు వాదించవచ్చు. అసలు పోరాటం ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. ఒప్పందంలో ఏ మాట రాశారన్న దానితోనే కోర్టు సరిపెట్టుకోదు, పని ఎలా చేయాలో శాసించే అధికారం ఎవరిదో చూస్తుంది.

బ్రేకులు పడకపోవడం వల్ల ప్రమాదం జరిగితే? కారు తయారీదారు పేరు కూడా రాయండి. 1916కు ముందు ఇది అంత తేలిక కాదు. బ్యూయిక్ కారు చక్రం చెక్క పుల్లలు విరిగి మెక్‌ఫర్సన్ అనే ఆయన గాయపడ్డాడు. ఆయన కారు కొన్నది డీలర్ దగ్గర, ఆ చక్రం చేసింది వేరే కంపెనీ. "మాకూ ఆయనకూ ఒప్పందమే లేదు" అంది బ్యూయిక్. న్యూయార్క్ అత్యున్నత కోర్టులో జడ్జి కార్డోజో ఆ వాదన ఒప్పుకోలేదు. చక్రాన్ని పరీక్షించకుండా కారు అమ్మడం బ్యూయిక్ నిర్లక్ష్యమేనని తేల్చారు. 1963లో కాలిఫోర్నియా ఇంకో అడుగు వేసింది. భార్య బహుమతిగా ఇచ్చిన చెక్కపని యంత్రం వల్ల గ్రీన్‌మన్ అనే ఆయన నుదుటికి దెబ్బ తగిలింది. వస్తువులో లోపం ఉండి, దానివల్ల గాయమైందని రుజువైతే చాలు, తయారీదారు నిర్లక్ష్యాన్ని విడిగా నిరూపించక్కర్లేదని తీర్పు వచ్చింది.

చివరి వరసలో దెబ్బ తిన్న మనిషి పేరూ రాయండి, ఆయన తప్పును బట్టి కూడా పరిహారం మారుతుంది. ఆ పెద్దాయన తప్పు సగం మించిందని తేలితే టెక్సస్‌లో ఏమీ రాదు. కాలిఫోర్నియాలో తప్పు ఎంతుంటే అంత తగ్గుతుంది. వర్జీనియాలో కాస్త తప్పున్నా మొత్తం పోవచ్చు.

అభ్యాసం: కాలిఫోర్నియాలో వేటకు వెళ్లిన ఇద్దరు ఒకేసారి తమ తోటివాడు ఉన్న వైపు కాల్చారు. ఒక గుండు అతని కంట్లో దిగింది. అది ఎవరి తుపాకీదో తెలియదు. ఎవరి పేరు రాస్తారు, ఎందుకు? 1948లో కోర్టు ఇచ్చిన జవాబు 5వ పాఠంలో.