దూరప్రయాణాలకు పెద్ద అడ్వెంచర్ బైక్: కొనేముందు ఏం చూడాలి

ఎన్ని హార్స్‌పవర్ అనేది పక్కన పెట్టేయండి. వెయ్యి సీసీ దాటిన ఏ అడ్వెంచర్ బండైనా (తారు రోడ్డూ మట్టిదారీ రెండూ పట్టేలా చేసిన ఎత్తైన బండి) హైవే మీద మీకు కావాల్సినదానికంటే ఎక్కువే లాగుతుంది. అసలు తిప్పలన్నీ బండి ఆగినప్పుడు మొదలవుతాయి. బీఎండబ్ల్యూ ఆర్ 1250 జీఎస్‌నే తీసుకోండి, నిండు ట్యాంకుతో 249 కిలోలు, సీటు ఎత్తు 850 మిల్లీమీటర్లు. దానికి రెండు పక్కలా పెట్టెలు తగిలించి, వెనక ఒకరిని ఎక్కించుకుని, వాలుగా ఉన్న కంకర మీద ఆపాల్సి వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

అందుకే సీటెక్కి ఫొటో దిగి వచ్చేయకండి. రెండు మడమలూ నేలకి ఆనక్కర్లేదు కానీ ఒక పాదమైనా గట్టిగా ఆనాలి. తర్వాత దిగి, ఇంజిన్ ఆపేసి, బండిని వెనక్కి నెట్టుకుంటూ మలుపు తిప్పి చూడండి. వీలైతే అద్దెకి తీసుకుని, తెలిసినవాళ్ల దగ్గర పడిన బండిని లేపడం నేర్చుకోండి: ఇంజిన్ ఆపి గేరులో పెట్టాలి, కుడివైపు పడితే ముందే సైడ్ స్టాండ్ తీసి ఉంచాలి (లేకపోతే లేచిన బండి అవతలివైపు, అంటే ఎడమకి పడుతుంది), హ్యాండిల్ నేలవైపు పూర్తిగా తిప్పి, సీటుకి వీపు ఆనించి, నడుముతో కాకుండా కాళ్లతో నెడుతూ చిన్న అడుగులతో వెనక్కి జరగాలి. ఒంటరిగా లేపలేకపోతే ఆ బండి మీద ఒంటరిగా మట్టిదారులు పట్టకండి. అలాంటి దారులే ఎక్కువైతే 205 కిలోల దగ్గర ఉండే యమహా టెనెరే 700 లాంటిది నయం, సీటు మాత్రం ఎత్తే.

చాలామంది చూడనిది ఇంకోటుంది, బండి ఎంత బరువు మోయగలదు అన్నది. అదే జీఎస్‌కి బండి బరువుతో కలిపి మొత్తం పరిమితి 465 కిలోలు, అంటే మోసేది 216. ఇద్దరు మనుషులు కలిసి 150 ఉంటే మిగిలేది 66, ఖాళీ పెట్టెలు, వాటి ఫ్రేమ్ బరువు కూడా అందులోంచే పోవాలి!

ముందు చక్రం 21 అంగుళాలైతే రాళ్లలో బాగుంటుంది, తారు రోడ్డే ఎక్కువైతే 19 చాలు. టైరు ట్యూబ్‌లెస్ అవునో కాదో అడగండి, పంక్చరైతే ప్లగ్ పెట్టి గాలి కొట్టుకుని పోవచ్చు. ట్యూబైతే చక్రం విప్పాల్సిందే. చైన్ బండికి కొన్ని వందల కిలోమీటర్లకోసారి ఆయిల్ పెడుతుండాలి, షాఫ్ట్‌కి (చైన్ బదులు వెనక చక్రాన్ని తిప్పే ఇనప కడ్డీ) ఆ గొడవ లేదు కానీ బరువూ ఖర్చూ పెరుగుతాయి. రోజంతా నడిపేవాళ్లకి నా ఓటు షాఫ్ట్‌కే.

టెస్ట్ రైడ్ పది నిమిషాలిస్తే ఒప్పుకోకండి. సీటు సంగతి, విండ్‌స్క్రీన్ గాలిని హెల్మెట్ మీదకే కొడుతోందా అన్న సంగతి గంట నడిపితేగానీ బయటపడవు, అదీ మీరు టూర్‌కి వేసుకునే హెల్మెట్‌తోనే.