యూరియా వేసినా యాసంగి వరి పసుపు వదలకపోతే: సమస్య - పరిష్కారం

నాటు వేసి మూడు వారాలు దాటింది, యూరియా చల్లి పది రోజులైంది, అయినా మడి లేత పసుపు రంగులోనే ఉంది, పిలకలు రావడం లేదు. యాసంగి నాట్ల తరువాత ప్రతి ఏటా ఇదే సమస్యతో రైతులు సలహా కోసం నా దగ్గరకు వస్తారు. ఎక్కువమంది చేతిలో అప్పటికే జింకు పొట్లం ఉంటుంది, కొందరు రెండో బస్తా యూరియా కూడా వేసి ఉంటారు. దుబ్బు పీకి వేరు చూసి వచ్చేవారు మాత్రం చాలా అరుదు.

కాబట్టి ముందుగా మడిలోకి దిగి, పసుపు ఎక్కువగా ఉన్న చోట ఒక దుబ్బును, పైరు బాగున్న చోట మరొక దుబ్బును మట్టితో సహా పెళ్ళగించి, నీటిలో కడిగి, గట్టు మీద పక్కపక్కన పెట్టి చూడాలి. ఆరోగ్యమైన దుబ్బుకు కొత్త వేర్లు తెల్లగా, పాత వేర్లు తుప్పు రంగు పూతతో ఉంటాయి. వేర్లు నల్లబడి, పట్టుకుంటే పైపొర జారిపోతూ, కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంటే ఆ నేలకు గాలి అందడం లేదని అర్థం.

తరువాత ఆకు చూడాలి. నత్రజని లోటులో ముదురు ఆకులు ముందు పసుపు బారుతాయి, ఎందుకంటే మొక్క వాటిలోని నత్రజనిని లాగి లేత ఆకులకు పంపుకుంటుంది. లేత ఆకులే ముందు పాలిపోతే అది చాలావరకు గంధకం లోటు. మధ్య ఆకులపై తుప్పు రంగు మచ్చలు వచ్చి, ఈనె మొదలు దగ్గర తెల్లబడి, మొక్క గిడసబారితే జింకు లోటు. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి ఐదు రోజుల తేడాతో రెండు మూడు సార్లు పిచికారీ చేస్తే తేరుకుంటుంది. నిండుగా నీరున్న మడిలో యూరియా చల్లితే దానిలో పెద్ద భాగం అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది కనుక, యూరియా ఎప్పుడు, ఎంత నీటిలో వేశారో కూడా గుర్తు చేసుకోవాలి.

ఇవన్నీ సరిగానే ఉండి కూడా పసుపు వదలకపోతే, అసలు కారణం సాధారణంగా మట్టి లోపల ఉంటుంది. దానివల్ల నేను ఒక యాసంగిలో గట్టిగా దెబ్బతిన్నాను. ఒక మడికి రెండు సార్లు జింకు, ఆపై అదనంగా యూరియా చెప్పాను, మూడో వారానికి కూడా మార్పు రాలేదు. ఆ రైతు భార్య స్వయంగా నాటు వేసిన మనిషి. ఆమె గట్టు మీద నిలబడి, "నాటేసేటప్పుడే వేళ్ళకు గడ్డి తగులుతుండె సారూ, ఈ వరుసల్లనే" అని చూపించింది. అప్పుడు గాని నా కళ్ళకు ఆనలేదు, మడి అంతా ఒకే తీరుగా పసుపు లేదు. చారలు చారలుగా ఉంది, ఆ చారలు వానాకాలం కోతలో హార్వెస్టర్ తిరిగిన దారిలోనే, దాని వెనుక గడ్డి వరుసగా పడిన చోటనే ఉన్నాయి. చేయి పెట్టి జానెడు లోతు బురద తీస్తే, సగం కుళ్ళి నల్లబడిన గడ్డి పరకలు పిడికెడు వచ్చాయి, కాలు వేసిన చోటల్లా బుడగలు లేచాయి.

అక్కడ జరిగింది ఇది. ఎకరంలో 2 టన్నుల గడ్డిని దున్నేశామనుకుంటే, అందులో 40 శాతం లెక్కన 800 కిలోల కర్బనం ఉంటుంది, నత్రజని 0.6 శాతం, అంటే 12 కిలోలు. గడ్డిని కుళ్ళబెట్టే సూక్ష్మజీవుల శరీరంలో ఎనిమిది పాళ్ళ కర్బనానికి ఒక పాలు నత్రజని ఉండాలి. ఆ కర్బనంలో మూడో వంతు వాటి శరీరంగా మారాలన్నా 33 కిలోల నత్రజని కావాలి, గడ్డిలో ఉన్నది 12 మాత్రమే. మిగిలిన 21 కిలోలను అవి నేల నుంచి, మనం చల్లిన యూరియా నుంచి తీసుకుంటాయి. 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని దాదాపు అంతే. నీరు నిలిచిన మడిలో కుళ్ళడం నెమ్మదిగా సాగుతుంది కనుక లోటు ఇంత పెద్దదిగా ఉండదు, కాని సగం ఉన్నా పిలకల దశలో ఉన్న పైరు ఆకలితో ఉండిపోతుంది. యాసంగిలో కోతకు, నాటుకు మధ్య వ్యవధి తక్కువ, రాత్రులు చల్లన. గడ్డి కుళ్ళే పని పూర్తిగా నాటు తరువాతకు జారిపోతుంది. దానికి తోడు గాలి లేని బురదలో కుళ్ళే గడ్డి సేంద్రియ ఆమ్లాలను, హైడ్రోజన్ సల్ఫైడును వదిలి వేర్లను దెబ్బతీస్తుంది.

పరిష్కారంలో వరుస ముఖ్యం. మొదట నీరు తీసేసి, నేలపై సన్నని నెర్రెలు కనబడే వరకు మడిని ఆరనివ్వాలి. తెల్లని వేరు మొలవడం మొదలయ్యాక, బురద పదునులో ఎకరాకు 20 నుంచి 25 కిలోల యూరియా సమానంగా చల్లి, 36 నుంచి 48 గంటల తరువాత పలుచగా నీరు పెట్టాలి. యూరియా వేసిన తరువాత మడిని మళ్ళీ నెర్రెలు పడేలా ఆరబెట్టి నీరు పెట్టకూడదు. అలా చేస్తే నత్రజని నైట్రేటుగా మారి, నీరు నిలవగానే వాయువుగా పోతుంది.

అంతకు మించి యూరియా వేయవద్దని నేను గట్టిగా చెబుతాను. సూక్ష్మజీవులు పట్టుకున్న నత్రజని మడిలోనే ఉంటుంది. గడ్డిలో కర్బనం తరిగి, అవి చచ్చిపోతుండగా, కొన్ని వారాల్లో అది తిరిగి పైరుకు అందుతుంది. ఆ యాసంగిలో నేను చెప్పిన అదనపు యూరియా, గడ్డి విడిచిన నత్రజని ఒకేసారి అంది, పైరు ముదురు ఆకుపచ్చగా విపరీతంగా పెరిగింది, దోమపోటు తగిలింది, గింజ పాలుపోసుకునే వేళకు చారలున్న చోటే పడిపోయింది. అంకురం దశలో (దుబ్బులో వెన్ను పుట్టే వేళ) వేసే చివరి దఫా యూరియాను ఆకు రంగు చూసిన తరువాతే నిర్ణయించాలి.

పసుపుకు ఇతర కారణాలైన నేలలో ఇనుము ఎక్కువ కావడం, మాంగనీసు లోటు వంటివి నేను చూసే మడుల్లో అరుదు. ఆకులు నారింజ రంగుకు తిరిగి, పచ్చదీపపు పురుగులు కనిపిస్తే టుంగ్రో వైరస్‌గా అనుమానించి దానికి తగిన చర్య తీసుకోవాలి. అది వేరే విషయం.

వచ్చే పంటకు ఈ ఇబ్బంది రాకుండా ఉండాలంటే, హార్వెస్టర్ వెనుక పడిన వరుసలను ముందు మడి అంతా చెదరగొట్టి, నాటుకు కనీసం మూడు వారాల ముందు నీరు పెట్టి, ఎకరాకు 50 కిలోల సూపర్ ఫాస్ఫేటు చల్లి దున్నాలి. వ్యవధి లేదని నిప్పు పెడితే గడ్డిలోని నత్రజని దాదాపు అంతా, గంధకంలో చాలా భాగం గాలిలోకి పోతుంది. వరి తీసుకున్న పొటాషియంలో అధిక భాగం గడ్డిలోనే ఉంటుంది. అది బూడిదలో మిగిలినా గాలికి, వానకు కొట్టుకుపోయే అవకాశం ఎక్కువ. ఆ మూడు వారాల వ్యవధి దొరకని చోట గడ్డిని బేలరుతో కట్టలు కట్టించి పశువులకు వేసి, బాగా చివికిన పేడ ఎరువును వేసవి దుక్కిలో అదే మడికి తిరిగి తోలించాలి.