బీపీఎం టాస్క్‌కి బయటి అప్లికేషన్‌ని ఎలా కలపాలి?

విశాఖ గాజువాక ఆటోనగర్‌లో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు ఉందనుకోండి. ఇన్వాయిస్ వస్తుంది, మేనేజర్ చూసి ఓకే చేస్తారు, ఈ-వే బిల్లు (సరుకు తరలించడానికి ప్రభుత్వ పోర్టల్‌లో తీసే పత్రం) తీస్తారు, డ్రైవర్‌కి ఎస్సెమ్మెస్ వెళ్తుంది, లారీ హైదరాబాద్ బయల్దేరుతుంది. ఈ వరసంతా బీపీఎం (బిజినెస్ ప్రాసెస్ మేనేజ్‌మెంట్, అంటే ఆఫీసు పనుల వరసని నడిపించే) సాఫ్ట్‌వేర్‌లో, ఒక్కో అడుగుని ఒక్కో టాస్క్‌గా, బొమ్మ గీయడం పెద్ద పనేం కాదు. కానీ ఈ-వే బిల్లు టాస్క్ దగ్గరికి వచ్చేసరికి గుమాస్తా ఇంకో ట్యాబ్ తెరిచి, అవే వివరాలు మళ్లీ టైప్ చేసి, వచ్చిన 12 అంకెల నంబరు తెచ్చి ఇక్కడ పేస్ట్ చేస్తున్నారంటే మీ ప్రాసెస్ ఇంకా సగమే ఆటోమేట్ అయినట్టు. ఆ మిగతా సగం ఎలా కలపాలో చూద్దాం. ఉదాహరణకి కముండా 7 అనే బీపీఎం సాఫ్ట్‌వేర్ తీసుకుంటున్నాను, ఎందుకంటే ఇప్పటికే చాలా చోట్ల నడుస్తున్నది అదే. దాని కమ్యూనిటీ (ఉచిత) ఎడిషన్ చివరి రిలీజ్ 2025 అక్టోబర్‌లో వచ్చేసింది కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవాళ్లు కముండా 8 గానీ ఫ్లోయబుల్ గానీ చూసుకోండి. పేర్లు మారతాయి, పద్ధతి ఇదే.

1. ముందు టాస్క్ రకం సరిచేయండి

మనిషి చేసే పనికి యూజర్ టాస్క్, సాఫ్ట్‌వేర్ చేసే పనికి సర్వీస్ టాస్క్. బీపీఎంఎన్ 2.0 (ప్రాసెస్ బొమ్మలు గీసే ప్రమాణ పద్ధతి) బొమ్మల్లో మొదటిదానికి మనిషి గుర్తు, రెండోదానికి పళ్ల చక్రం గుర్తు ఉంటాయి. ఈ-వే బిల్లు, ఎస్సెమ్మెస్ రెండూ సర్వీస్ టాస్క్‌లే. మేనేజర్ అప్రూవల్‌ని మాత్రం అలాగే ఉంచండి, దాన్ని ఆటోమేట్ చేయాలని తొందరపడకండి.

2. ఎవరు ఎవరిని అడగాలో తేల్చుకోండి

రెండు దారులున్నాయి. ఇంజినే (గీసిన ప్రాసెస్‌ని నడిపించే భాగం) నేరుగా బయటి అప్లికేషన్ ఏపీఐని (వేరే ప్రోగ్రామ్‌లు దానితో మాట్లాడే దారిని) పిలవడం ఒకటి. లేదా ఇంజిన్ పనిని లిస్టులో పెట్టి ఊరుకుంటే, వర్కర్ అనే చిన్న ప్రోగ్రామ్ వచ్చి "నాకేమైనా పని ఉందా?" అని అడిగి తీసుకెళ్లడం రెండోది. నేను రెండోదే వాడమంటాను. మన ఆఫీసుల్లో ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) ఏదో ఒక కంప్యూటర్‌లో ఉంటుంది, ఇంజినేమో క్లౌడ్‌లో ఉంటుంది, క్లౌడ్ నుంచి ఆ కంప్యూటర్‌కి దారి కావాలంటే ఆఫీస్ రౌటర్‌లో పోర్ట్ తెరవాలి, అది భద్రతకి మంచిది కాదు. వర్కర్‌ని ఆఫీసులోనే నడిపితే అది బయటికి వెళ్లి ఇంజిన్‌ని అడుగుతుంది, లోపల ట్యాలీతో దాని 9000 పోర్ట్ మీద ఎక్స్ఎంఎల్‌లో మాట్లాడుతుంది, బయటివాళ్లు లోపలికి రావాల్సిన అవసరమే ఉండదు.

3. టాస్క్‌కి టాపిక్ పేరు పెట్టండి

మోడలర్‌లో (కముండాలో బొమ్మ గీసే చోట) సర్వీస్ టాస్క్ మీద క్లిక్ చేసి, ఇంప్లిమెంటేషన్‌లో ఎక్స్‌టర్నల్ ఎంచుకుని, టాపిక్ దగ్గర స్పేస్ లేకుండా ఒక పేరు రాయండి. వర్కర్ వెతికేది ఈ పేరునే, అక్షరం తేడా వచ్చినా పని అక్కడే కూర్చుంటుంది, ఎర్రర్ కూడా రాదు.

4. వర్కర్ రాయండి

పైథాన్, జావా, నోడ్, మీకు వచ్చిన ఏ భాషైనా సరే. అది ఇంజిన్ రెస్ట్ ఏపీఐకి ఫెచ్ అండ్ లాక్ అనే పోస్ట్ రిక్వెస్ట్ పంపాలి. అందులో వర్కర్ ఐడీ, టాపిక్ పేరు, ఒకసారికి ఎన్ని పనులు కావాలో, ఎంతసేపు లాక్ చేయాలో చెప్పాలి. లాక్ సమయం మిల్లీసెకన్లలో, అంటే నిమిషానికి 60,000. పని మధ్యలో వర్కర్ చనిపోతే లాక్ గడువు తీరాక ఇంకో వర్కర్ అదే పనిని తీసుకుంటుంది. అందుకే బయటి సర్వర్ ఎంత నెమ్మదిగా జవాబిచ్చినా దానికంటే లాక్ ఎక్కువసేపు ఉండాలి, లేదంటే మొదటి వర్కర్ ఇంకా ఎదురుచూస్తుండగానే రెండోది అదే బిల్లు తీయడానికి వెళ్తుంది.

ఇక్కడ ఒక మాట: ఈ-వే బిల్లు ఏపీఐ అడిగిన అందరికీ నేరుగా ఇవ్వరు, చిన్న సంస్థలు మామూలుగా జీఎస్టీ సువిధ ప్రొవైడర్ (అనుమతి ఉన్న మధ్యవర్తి సంస్థ) ద్వారానే వెళ్తాయి. కోడ్ మొదలుపెట్టే ముందే ఆ యాక్సెస్ సంగతి చూసుకోండి.

5. జవాబు మూడు రకాలుగా చెప్పండి

అన్నిటికంటే ఇదే ముఖ్యం. చాలా ప్రాజెక్టుల్లో వర్కర్‌కి "అయింది", "కాలేదు" అనే రెండు జవాబులే ఉంటాయి, కష్టాలన్నీ అక్కడి నుంచే వస్తాయి. అవతలి సర్వర్ పలకకపోవడం వేరు, పలికి "కుదరదు" అనడం వేరు.

పని అయిపోతే కంప్లీట్ పంపండి, బిల్లు నంబరు, గడువు తేదీ వేరియబుల్స్‌గా (ప్రాసెస్‌తో పాటు నడిచే విలువలుగా) జత చేయండి. సర్వర్ పలకకపోతే, అంటే టైమవుటో (గడువులోపు జవాబు రాకపోవడం) 503 (సర్వర్ అందుబాటులో లేదు) కోడో వస్తే, ఫెయిల్యూర్ పంపండి: ఇంకా ఎన్నిసార్లు ప్రయత్నించాలో, మధ్యలో ఎంతసేపు ఆగాలో అందులో చెప్పవచ్చు. కముండా 7లో ఆ లెక్క మొదట ఖాళీగా ఉంటుంది, తొలిసారి వర్కరే 3 అని పెట్టి తర్వాత ఒక్కొక్కటి తగ్గిస్తూ రావాలి. సున్నాకి వచ్చాక ఇంజిన్ దాన్ని ఇన్సిడెంట్‌గా, అంటే మనిషి చూడాల్సిన సమస్యగా, చూపిస్తుంది. మూడోది, 15 అక్షరాల జీఎస్టీ నంబరులో ఒక అక్షరం తప్పు పడింది, పోర్టల్ తిరస్కరించింది. దీన్ని వందసార్లు పంపినా అదే జవాబు వస్తుంది. కాబట్టి ఇక్కడ బీపీఎంఎన్ ఎర్రర్ పంపండి, టాస్క్ అంచున ఎర్రర్ ఈవెంట్ పెట్టి, అక్కడి నుంచి గీతని గుమాస్తా యూజర్ టాస్క్‌కి కలపండి. ఆయన నంబరు సరిచేయగానే ప్రాసెస్ మళ్లీ వెనక్కొచ్చి బిల్లు తీస్తుంది. ఎవరికీ ఫోన్ చేయక్కర్లేదు, టెన్షన్ లేదు.

6. ఒకే పని రెండుసార్లు జరగకుండా చూడండి

టైమవుట్ వచ్చిందంటే పని జరగలేదని కాదు. అవతల బిల్లు తయారైపోయి, జవాబు దారిలో పోయి ఉండొచ్చు. కొత్తది తీసేముందు ఆ ఇన్వాయిస్ నంబరు మీద బిల్లు ఇప్పటికే ఉందేమో చూసి, ఉంటే దాన్నే తెచ్చుకుని కంప్లీట్ పంపండి. డ్రైవర్‌కి ఎస్సెమ్మెస్ రెండుసార్లు వెళ్తే పర్లేదు గానీ, ఒకే ఇన్వాయిస్ మీద రెండో బిల్లు అడిగితే పోర్టల్ తిరస్కరిస్తుంది.

7. గడువుకి టైమర్ పెట్టండి

2021 జనవరి 1 నుంచి మామూలు సరుకు ఈ-వే బిల్లుకి ప్రతి 200 కిలోమీటర్లకి ఒక రోజు గడువు ఇస్తున్నారు. విశాఖ నుంచి హైదరాబాద్ 600 కిలోమీటర్లు దాటుతుంది, అంటే నాలుగు రోజులు. ఈ లెక్క మీ కోడ్‌లో రాయకండి, రూల్ మారితే కోడ్ మార్చాల్సి వస్తుంది. జవాబులో వచ్చిన గడువు తేదీనే టైమర్‌కి ఇవ్వండి. గడువు తీరడానికి 8 గంటల ముందు నుంచి, తీరాక 8 గంటల వరకు పొడిగించుకోవచ్చు కాబట్టి ఆ వ్యవధి మొదలవగానే మేనేజర్‌కి టాస్క్ వెళ్లేలా పెడితే దారిలో లారీ ఆగదు.

పాస్‌వర్డ్‌లు ప్రాసెస్ వేరియబుల్స్‌లో పెట్టకండి, అవి హిస్టరీలో అందరికీ కనిపిస్తాయి. పీడీఎఫ్ కూడా వద్దు, ఫైల్ వేరేచోట ఉంచి లింకు మాత్రమే దాచుకోండి.

8. చెడగొట్టి చూడండి

సాండ్‌బాక్స్‌లో (అసలు డేటా లేని పరీక్ష చోట) అన్నీ సవ్యంగా నడిచే కేసు ఒక్కటే చూస్తే సరిపోదు. పని మధ్యలో వర్కర్‌ని ఆపేయండి, తప్పు జీఎస్టీ నంబరు ఇవ్వండి, నెట్ కేబుల్ పీకేయండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను తర్వాత మన విశాఖలో కరెంటు, ఫోన్లు, నెట్ ఎలా పోయాయో గుర్తుందిగా, అలాంటప్పుడు వర్కర్ ఇంజిన్‌నే అందుకోలేదు, పనులు లిస్టులోనే ఉంటాయి. కానీ ఈ-వే బిల్లు సర్వర్ ఒక్కటే చాలాసేపు పలకకపోతే మూడు ప్రయత్నాలూ అయిపోయి పనులన్నీ ఇన్సిడెంట్లుగా పేరుకుంటాయి. సర్వర్ మళ్లీ పలికాక వాటికి రిట్రైస్ (మళ్లీ ప్రయత్నించే లెక్క) పెంచి మళ్లీ నడిపించడం ఎవరి పనో, ఆ మనిషికి కాక్‌పిట్ (కముండాలో నడుస్తున్న ప్రాసెస్‌లని చూసే స్క్రీన్) లాగిన్ ఉందో లేదో లైవ్‌కి వెళ్లకముందే తేల్చుకోండి.