చూపులేని పాఠకుడికి తెలుగు పుస్తకం: అనుమతి ఉత్తరం అక్కర్లేదు, రిజిస్టరు కావాలి

అమలాపురంలోనో భీమవరంలోనో డిగ్రీ చదివే చూపులేని విద్యార్థికి సిలబస్‌లో ఉన్న తెలుగు నవల కావాలి. అచ్చు పుస్తకం దుకాణంలో ఉంటుంది, తను చదవగలిగే రూపంలో మాత్రం ఎక్కడా ఉండదు. స్కాన్ చేసి ఇద్దామని ఎవరో ముందుకొస్తారు, ప్రచురణకర్త అనుమతి కోసం ఉత్తరం రాసి కూర్చుంటారు. జవాబు వచ్చేలోగా పరీక్షలు అయిపోతాయి. ఆ ఉత్తరం అసలు రాయనక్కర్లేదు.

కాపీరైట్ చట్టం, 1957ను 2012లో సవరించారు. ఆ ఏడాది జూన్ 21 నుంచి సెక్షన్ 52(1)(జెడ్‌బి) అమల్లోకి వచ్చింది. వికలాంగులు చదువుకోగలిగే రూపంలోకి ఏ రచననైనా మార్చడం, ప్రతులు తీయడం, వారికి అందించడం కాపీరైట్ ఉల్లంఘన కాదని అది చెబుతుంది. ఈ పని ఎవరైనా చేయవచ్చు. సొంత చదువుకో, పాఠానికో, పరిశోధనకో వాడుకునేలా వికలాంగులకు ఇవ్వవచ్చు. సంస్థగా చేసేవారిలో ఆదాయపు పన్ను చట్టం 12ఎ కింద నమోదై వికలాంగుల కోసం పనిచేసేవి, అందుకోసం ప్రభుత్వ గ్రాంటు పొందేవి, ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థలు, గ్రంథాలయాలు కూడా ఉన్నాయి. అంటే మీ ఊరి కాలేజీకి, జిల్లా గ్రంథాలయ సంస్థ శాఖకు దారి తెరిచే ఉంది. వాడుకునే వాళ్లే తక్కువ.

ఈ వెసులుబాటు చూపు లేనివారికే అని చట్టం ఎక్కడా అనలేదు. పేజీ తిప్పలేని సెరిబ్రల్ పాల్సీ ఉన్న యువకుడు, డిస్లెక్సియా ఉన్న పిల్ల కూడా దీని కిందికి వస్తారు. కాపీరైట్ చట్టం 40 శాతం వైకల్యం ఉందన్న సర్టిఫికెట్ అడగదు. యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) ఉంటేనే పుస్తకం ఇస్తామనడం చట్టం పెట్టని గోడను మనం కట్టడమే. పాఠకుడు సంతకం చేసిన ఒక ప్రకటన చాలు.

ముందు చూడాల్సింది: కాపీరైట్ ఇంకా ఉందా?

రచయిత చనిపోయిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి 60 ఏళ్లు లెక్కపెట్టండి. రాజమండ్రిలో పుట్టిన కందుకూరి వీరేశలింగం 1919లో పోయారు. ఆయన రచనలు ఎప్పుడో అందరివీ అయ్యాయి. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 1961లో పోయారు కాబట్టి 2022 జనవరి 1 నుంచి ఆ కథలకు ఏ షరతూ లేదు. దేవులపల్లి కృష్ణశాస్త్రి 1980లో పోయారు. ఆయన కవిత్వం మీద హక్కు 2040 చివరి దాకా ఉంటుంది, కింద చెప్పే షరతులన్నీ దానికి వర్తిస్తాయి. ఒక జాగ్రత్త: పాత పుస్తకానికి కొత్త ముద్రణలో ముందుమాట, వివరణలు ఎవరైనా రాసి ఉంటే ఆ భాగాల మీద హక్కు వారిదే.

షరతులు, రిజిస్టరు

షరతులు రెండే, కానీ గట్టివి. లాభం తీసుకోకూడదు, తయారీ ఖర్చు మాత్రమే రాబట్టుకోవచ్చు. కాగితం, బైండింగ్, పెన్‌డ్రైవ్ ధర రసీదులు దాచి ప్రతుల సంఖ్యతో భాగించండి. వచ్చినదానికంటే పైసా ఎక్కువ తీసుకోవద్దు. రెండోది, సంస్థ అయితే ఆ ప్రతులు వికలాంగులే వాడేలా చూడాలి, మామూలు వ్యాపారంలోకి జారకుండా తగిన జాగ్రత్త తీసుకోవాలి. లాభానికి చేసేవారి దారి వేరు. వాళ్లు సెక్షన్ 31బి కింద తప్పనిసరి లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవాలి.

ఎక్కువ మంది పొరపాటు చేసేది రెండో షరతు దగ్గరే. తయారైన ఫైలును వాట్సాప్ గ్రూపులో పెడతారు. సాయంత్రానికి అది చూపున్న వందమంది ఫోన్లలో ఉంటుంది. అలా జారిన ప్రతికి ఈ సెక్షన్ రక్షణ ఉండదు. తెలిసి చేసిన ఉల్లంఘనకు సెక్షన్ 63 కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా పడవచ్చు. కాబట్టి ఒక రిజిస్టరు పెట్టండి: పుస్తకం పేరు, రచయిత, ప్రచురణకర్త, ఏ ముద్రణ, ఎవరు మార్చారు, ఏ రూపంలో, ఏ తేదీన ఎవరికిచ్చారు. ప్రతి ఫైలు మొదటి పేజీలో ‘వికలాంగ పాఠకుల కోసం, సెక్షన్ 52(1)(జెడ్‌బి) కింద తయారైంది, అమ్మకానికి కాదు’ అని రాయండి. ఫైలును ఆ పాఠకుడి ఈమెయిలుకే పంపండి.

ఈ-పుస్తకానికి తాళం, అంటే కాపీ చేయనివ్వని సాంకేతిక అడ్డు, ఉంటే? సెక్షన్ 65ఎ అలాంటి తాళం తీయడాన్ని నేరమంటూనే, చట్టం నిషేధించని పనికోసమైతే మినహాయింపు ఇచ్చింది. తాళం తీయడానికి ఒకరికి సాయపడినవారు ఆ వ్యక్తి పేరు, చిరునామా, ఏ పనికోసమో పూర్తిగా రాసి ఉంచుకోవాలి. అదే రిజిస్టరులో ఇంకో గడి గీయండి.

తయారీ

ముందు పాఠకుణ్ణే అడగండి. ఫోన్‌లో టాక్‌బ్యాక్‌తో వింటారా, కంప్యూటర్లో ఎన్‌వీడీఏతోనా (రెండూ తెరమీది అక్షరాలను పైకి చదివే స్క్రీన్ రీడర్లు), బ్రెయిలీ కావాలా, మనిషి గొంతు కావాలా? బ్రెయిలీ రాని వాళ్లకు బ్రెయిలీ అచ్చువేసి ఇచ్చి ఏం లాభం? ‘సుగమ్య పుస్తకాలయ’ ఆన్‌లైన్ గ్రంథాలయం 2016 నుంచి నడుస్తోంది. ఆ పుస్తకం అక్కడ ఇప్పటికే ఉందేమో వెతికాకే స్కానర్ ముట్టుకోండి.

ప్రచురణకర్త లేదా డీటీపీ వాళ్లు ఫైలు ఇస్తే ఒక వాక్యం కాపీ చేసి ఫోన్ సందేశంలో అతికించి చూడండి. తెలుగు అక్షరాలే కనిపిస్తే అది యూనికోడ్, ఏ ఫోనైనా కంప్యూటరైనా తెలుగుగానే గుర్తించే పద్ధతి. పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు వస్తే అది అను లాంటి పాత ఫాంటు. కంటికి చక్కటి తెలుగే అయినా స్క్రీన్ రీడర్ ఆ చెత్తనే చదువుతుంది. దాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ వాడి, ఆ తర్వాత ప్రతి పేజీ అచ్చుతో పోల్చాలి. వత్తులు తారుమారయ్యేది ఈ మార్పిడిలోనే.

ఫైలు లేకపోతే స్కానింగే. 300 డీపీఐ సరిపోతుంది. అక్షరం చిన్నదైన పాత పుస్తకానికి 400 పెట్టండి. పల్చటి కాగితానికి వెనకపేజీ అచ్చు కనబడుతుంటే కింద నల్ల కాగితం పెట్టండి. వానాకాలంలో మన గోదావరి డెల్టా తేమకు పేజీలు ఉబ్బి వంకర తిరుగుతాయి. అలా స్కాన్ చేస్తే పంక్తి కింది వత్తులు తెగిపోతాయి. పుస్తకాన్ని ఒకరోజు బరువు కింద ఉంచి తీయండి. అక్షరాలు గుర్తించడానికి గూగుల్ డ్రైవ్ గానీ, ఉచితంగా దొరికే టెసరాక్ట్ గానీ తెలుగుకు పనికొస్తాయి.

అసలు శ్రమ దిద్దడంలో ఉంది. ప, ఫ, ష, ఘ ఒకదాని చోట ఒకటి వస్తాయి. మ, య అలాగే. థ పొట్టలో చుక్క పోయి ధ అవుతుంది, ధ కింది గీత పోయి ద అవుతుంది. అన్నిటికంటే దొంగ తప్పు సున్న: ‘ం’ ఉండాల్సిన చోట ఇంగ్లీషు ‘ఓ’ అక్షరమో, అంకె సున్నానో, తెలుగు అంకె ‘౦’నో పడుతుంది. కంటికి తేడా తెలియదు, చెవికి మాట ముక్కలవుతుంది. ఫైండ్‌లో ఈ మూడింటినీ విడివిడిగా వెతికి మార్చండి. పంక్తి చివర విరిగిన మాటలు కలపండి. ప్రతి పేజీ పైన తిరిగి వచ్చే పుస్తకం పేరు తీసేయండి, లేకపోతే వాక్యం మధ్యలో అదే వినిపిస్తుంది. పేజీ సంఖ్య మాత్రం ఉంచండి. క్లాసులో ‘47వ పేజీ తీయండి’ అంటే ఆ విద్యార్థీ తీయగలగాలి.

మాట మాత్రం మార్చకండి. సెక్షన్ 57 కింద తన రచనను వక్రీకరించకుండా చూసుకునే హక్కు రచయితది. స్పెల్‌చెక్ ఎర్రగీత గీసిందని దాళవా, సార్వా, బోదె లాంటి మన డెల్టా మాటలు ‘సరిచేస్తే’ అది ఆ పుస్తకం కాదు. పాత్ర ‘ఆయ్’ అంటే ‘ఆయ్’ అనే ఉండాలి, ‘అవును’ కాకూడదు.

అధ్యాయం పేర్లకు పెద్ద అక్షరాలు పెడితే చాలదు, వర్డ్‌లో ‘హెడింగ్ 1’ స్టైల్ ఇవ్వాలి. అప్పుడే పాఠకుడు ఒక మీటతో అధ్యాయం నుంచి అధ్యాయానికి దూకగలడు. పద్యాల పాదాలు విడివిడిగా ఉంచండి. ఆ ఫైలును, చదవలేనివారికి అందే పుస్తకాల కోసం పనిచేసే డైసీ కన్సార్షియం ఉచితంగా ఇచ్చే వర్డ్‌టుఈపబ్‌తో ఈపబ్ (ఈ-పుస్తకం ఫైలు) చేయవచ్చు.

బొమ్మకు వర్ణన రాయడం నేర్చుకోవాల్సిన విద్య. ‘గోదావరి డెల్టా పటం’ అని రాస్తే ఏమీ చెప్పినట్టు కాదు. ‘నది ధవళేశ్వరం దగ్గర రెండు పెద్ద పాయలుగా చీలుతుంది. తూర్పు పాయ గౌతమి యానాం మీదుగా సముద్రంలో కలుస్తుంది, పడమటి పాయ వసిష్ఠ నరసాపురం మీదుగా వెళ్లి అంతర్వేది దగ్గర కలుస్తుంది. రెండింటి నడుమ నేల కోనసీమ’ అంటే పటం చేతికందుతుంది. వర్ణనలో మీ అభిప్రాయం కలపకండి.

బ్రెయిలీ అయితే తెలుగుకు భారతి బ్రెయిలీ (భారతీయ భాషల ఉమ్మడి బ్రెయిలీ) సంకేతాలు వాడాలి. అచ్చుపేజీ ఒకటి రెండు మూడు బ్రెయిలీ పేజీలవుతుంది, అందుకే సంపుటాలుగా విడగొట్టండి. సంపుటాలను ఒకదాని మీద ఒకటి పేర్చితే చుక్కలు అణిగిపోతాయి. తేమలో మరీ త్వరగా. నిలబెట్టి ఉంచండి. అంధుల కోసం పంపే బ్రెయిలీ ప్యాకెట్లకు మామూలు తపాలాలో 7 కిలోల దాకా టిక్కెట్టు అక్కర్లేదు. అంధుల సాహిత్యమని పైన రాసి, విప్పి చూడటానికి వీలుగా కట్టండి.

గొంతు రికార్డు చేస్తే ఫ్యాన్ ఆపి, అధ్యాయానికి ఒక ఫైలు చొప్పున మోనో 64 కేబీపీఎస్ ఎంపీ3లో తీయండి. గంటకు 29 ఎంబీ లోపే అవుతుంది. చదివేవారు నటించకూడదు, యాసను పలికితే చాలు. వారి దగ్గర రాతపూర్వక సమ్మతి తీసుకోండి.

బడి పుస్తకాల సంగతి

వికలాంగుల హక్కుల చట్టం, 2016 సెక్షన్ 17(జి) ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న విద్యార్థులకు 18 ఏళ్ల దాకా పుస్తకాలు, ఉపకరణాలు ఉచితంగా ఇవ్వడం ప్రభుత్వం పని. బడి పుస్తకం మీరు స్కాన్ చేసి ఇవ్వడం మంచిదే, కానీ ఆ బాధ్యత మీ నెత్తిన పడి ప్రభుత్వం నుంచి జారిపోకూడదు. మండల విద్యాశాఖాధికారికి తల్లిదండ్రుల చేత దరఖాస్తు పెట్టించండి, భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల ప్రభుత్వ కేంద్రం) టీచరుకూ ఒక ప్రతి ఇవ్వండి. రసీదు ముద్ర తీసుకోండి. కదలిక లేకపోతే అదే చట్టం సెక్షన్ 80 కింద రాష్ట్ర వికలాంగుల కమిషనరుకు రాయండి. దరఖాస్తు జూన్‌లోనే పెట్టండి, దసరా సెలవులయ్యాక పెడితే పుస్తకం వచ్చేసరికి పిల్లవాడు పై తరగతిలో ఉంటాడు.