పేరు మారినా వరుస తప్పకుండా: ఇటలీ పదాతి రెజిమెంటు చరిత్ర రాసే పద్ధతి

బరంపురం, పర్లాకిమిడి ఇళ్ళల్లో తాతల నాటి దస్తావేజులు తిరగేసినవాళ్ళకు ఈ చిక్కు కొత్త కాదు. భూమి అదే, గట్టూ అదే. 1936 ఏప్రిల్ 1కి ముందు కాగితం మీద మద్రాసు ప్రెసిడెన్సీ, తర్వాత ఒరిస్సా. ఇటలీ రెజిమెంట్లదీ ఇదే వరస. నంబరు ఒక్కటే పట్టుకుని వెళ్తే దారి తప్పుతాం. ఏ దళం ఏ దళంలోంచి వచ్చిందో చూసుకుంటూ పోవాలి.

పొడుగు నోటుబుక్కులో ఐదు గళ్ళు గీయండి: తేదీ, అప్పటి అధికారిక పేరు, బ్రిగేడు లేదా డివిజను (రెజిమెంటుకు పై దళం), ఉన్న ఊరు, మార్పుకు కారణం. ఇవాళ్టి నుంచి వెనక్కి నింపుకుంటూ వెళ్ళండి. దళం రద్దయిన కాలానికి ఖాళీ వరస వదిలి, పక్కన ఎర్ర సిరాతో గీత పెట్టండి. ఆ ఖాళీని కప్పెట్టి 'ఎడతెగని సేవ' అని రాసెయ్యడమే ఎక్కువమంది చేసే తప్పు.

రోములో ఉండే 1వ 'గ్రనతియేరి ది సర్దేన్యా' (సర్దేన్యా గ్రనేడియర్లు) రెజిమెంటునే తీసుకోండి. సవోయా డ్యూక్ రెండో కార్లో ఎమనువేలే 1659 ఏప్రిల్ 18న పెట్టిన గార్డుల రెజిమెంటు దీని మొదలు. కానీ 'సర్దేన్యా' అన్న మాట ఇంకో పాయది, 1744లో లేచిన సర్దేన్యా రెజిమెంటుది. ఇప్పటి పేరు నిలిచింది 1852లో. కాబట్టి కాగితం మీద రెండు గీతలు గీసి 1852 దగ్గర కలపాలి. ఒకే గీత గీస్తే '1659 నుంచి సర్దేన్యా గ్రనేడియర్లు' అనే తప్పుడు వాక్యం తయారవుతుంది.

ఏ పాత రెజిమెంటుకైనా కొన్ని సంవత్సరాల దగ్గర ఆగి చూడాల్సిందే. 1831లో బ్రిగేడుకు రెండు రెజిమెంట్లు చేశారు, 1839లో వాటికి నంబర్లు ఇచ్చారు. 1871లో బ్రిగేడు తీసేసి దాని పేరు రెజిమెంటుకు తగిలించారు, 1881లో బ్రిగేడు మళ్ళీ వచ్చింది. 1926లో బ్రిగేడుకు మూడు రెజిమెంట్లయ్యాయి, 1939 నాటికి డివిజనుకు రెండే. 1943 సెప్టెంబరు 8న ఇటలీ మిత్రరాజ్యాలతో చేసుకున్న సంధి ప్రకటనతో చాలా దళాలు చెదిరిపోయాయి. గ్రనేడియర్లు మాత్రం పదో తేదీ దాకా రోములో జర్మన్లతో పోరాడి, ఆ తర్వాతే రద్దయ్యారు. 1975 సంస్కరణలో రెజిమెంటు అంచె పోయి దాని కింది బెటాలియన్లు విడివిడిగా నిలబడ్డాయి. గ్రనేడియర్ల జెండా 'అస్సియెత్తా' బెటాలియను చేతికి వెళ్ళింది. రెజిమెంటు తిరిగొచ్చింది 1990లలో. 1975 నుంచి అప్పటిదాకా జెండా ఏ దళం దగ్గరుందో అదే అసలు వరస.

ఫోటో దొరికితే ముందు కాలరు చూడండి. అయిదు కోణాల చుక్క ఉంటే 1871 డిసెంబరు తర్వాతిది. కాలరు పట్టీ రంగును బట్టి బ్రిగేడు తెలుస్తుంది గానీ రెజిమెంటు తెలియదు, ఎందుకంటే ఒక బ్రిగేడులోని జంట రెజిమెంట్లు రెండూ ఒకే పట్టీ పెట్టుకునేవి. నంబరు టోపీ బిళ్ళ నడిమి గుండ్రంలో ఉంటుంది, భూతద్దం పెడితే గాని కనపడదు. బిళ్ళ మీద కిరీటం ఉందంటే 1946కి ముందుదే. ఎర్ర గుడ్డ మీద తెల్లటి జరీ కడ్డీలుంటే గ్రనేడియరు.

మొదటి ప్రపంచయుద్ధానికి ఇటలీ యుద్ధశాఖ 1920లలో బ్రిగేడ్ల వారీగా అచ్చేసిన సంక్షిప్త చరిత్రలు చాలు. ఒక్కో పోరుకు ఒక్కో వరస: '1916 మే 29 - జూన్ 3, చెంజియో కొండ'. ఇక్కడ 'పెర్దీతే' (నష్టాలు) అన్న మాట చూసి 'మృతులు' అని రాయకండి. చనిపోయినవాళ్ళు (మోర్తి), గాయపడ్డవాళ్ళు (ఫెరీతి), ఆచూకీ తెలియనివాళ్ళు (దిస్పేర్సి) ముగ్గురూ కలిసిన లెక్క అది. చివరివాళ్ళలో ఖైదీలుగా పట్టుబడ్డవాళ్ళూ ఉంటారు.

మన వైపు పట్టుకోవాల్సింది కెరెన్ పోరు. 1941లో ఎరిత్రియా కొండల్లో 4వ, 5వ భారత డివిజన్లకు ఎదురునిలిచిన గ్రనేడియర్లు సర్దేన్యావాళ్ళు కారు, 'గ్రనతియేరి ది సవోయా' డివిజనువాళ్ళు. అందులోవి 10వ, 11వ రెజిమెంట్లు. మద్రాసు సాపర్లలో (సైన్యపు ఇంజనీరు దళంలో) పనిచేసిన పెద్దల కాగితాల్లో ఒట్టి 'ఇటాలియన్ గ్రనేడియర్స్' అని ఉంటే, ఊరి పేరూ తేదీ చూశాకే రెజిమెంటు పేరు వెయ్యండి.